రాయి మీద పెరిగిన ఊరు

నడక, 61వ రోజు. ఆషాఢ బహుళ దశమి.

మోకాళ్ళు అరిగిపోయాక వచ్చింది నా ప్రాణానికి ఈ పుష్కర ప్రణాళిక. పన్నెండేళ్ళ కిందట ఇదే గీత నడిచినప్పుడు నాకు నలభై అయిదు. అప్పుడు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి మూడు ఊళ్ళు దాటేదాన్ని. ఇప్పుడు మూడు తాటిచెట్లు దాటితే కూర్చోవాలనిపిస్తోంది.

అయినా నడవాల్సిందే. సముద్రానికీ మనకీ మధ్య గీత ఎక్కడ పడాలో లెక్క కట్టేది ఆఫీసులోని యంత్రం. మేం దాన్ని పెద్దాయన అంటాం. ఆ గీత మీద సంతకం పెట్టేది మాత్రం మనిషి. ఆ మనిషి గీత పొడవునా కాలినడకన తిరగాలి. గీతకి బయట పడబోయే ప్రతి ఊళ్ళో ఏడు రోజులుండి, వాళ్ళ అన్నం తిని, ఆ తర్వాతే కలం ఎత్తాలి. పెద్దాయన చదవని పుస్తకం ఒకటి, ఇదిగో ఇది, చేత్తో రాయాలి. మా తీర మండలి చట్టం మొత్తంలో నాకు నచ్చిన ముక్కలు ఈ రెండే.

ఈ రోజు మడపాలెం చేరాను. గోదారి సముద్రంలో కలిసేచోట, మడ అడవి నడుమ, నాలుగు వందల పన్నెండు గడపల ఊరు. పెద్దాయన గీతలో ఇది బయట ఉంది. లోపలి ఊళ్ళకి కాంక్రీటు గోడ కడతారు. మంచినీళ్ళ పడవ, బడి, డాక్టరు పడవ వాళ్ళకి ఉంటాయి. బయటి ఊళ్ళకి అవన్నీ మూడేళ్ళలో ఆగిపోతాయి. తర్వాత ఆ ఊరు సముద్రానిది. శ్రావణ శుద్ధ పంచమినాడు రాజమండ్రి సభలో నేను సంతకం పెట్టాలి.

పడవ దిగగానే మోకాలి లోతు దిగబడ్డాను. గట్టు మీద నుంచి ఒకావిడ చెయ్యి అందించింది. అరవై దాటి ఉంటాయి. పట్టు మాత్రం ఇనుము.

“ఆయ్, నా పేరు మసేనమ్మండి. మా ఇంట్లోనే మీ బస. కాళ్ళిప్పుడే కడుక్కోకండి, ఇంటికెళ్ళేలోపు మళ్ళీ ఇంతే.”

“నేనెందుకొచ్చానో ఊళ్ళో తెలుసా అమ్మా?”

“తెలీకేమండి. మా ఊరికి పాడె కట్టడానికొచ్చిన మనిషికి కూడు పెట్టమన్నారంట గవర్నమెంటోరు. పెడతాం.”

ఆ మాట అన్న మనిషే రాత్రి మట్టగిడసల పులుసు రెండోసారి వడ్డించింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను.

నడక, 62వ రోజు. ఏకాదశి.

పొద్దున్నే కేకలకి మెలకువ వచ్చింది. చూస్తే ఎదురింటిని లేపుతున్నారు. లేపడమంటే నిజంగా లేపడమే. ఇక్కడి ఇళ్ళన్నీ ఇనుప గొట్టాల మీద నిలబడి ఉంటాయి. గొట్టాలకి జానెడు జానెడు దూరంలో చిల్లులుంటాయి. ముప్పై మంది దూలాల కింద భుజాలు పెట్టారు. మసేనమ్మ కూత పెట్టగానే ఒక్క ఊపున ఎత్తి, మేకులు పై చిల్లులోకి మార్చారు. లోపల పొయ్యి మీద ఎసరు మరుగుతూనే ఉంది. ఒక్క చుక్క తొణకలేదు. చూస్తూ నిలబడలేక నేనూ ఒక దూలం కింద దూరాను. నా భుజం వల్ల ఆ ఇల్లు లేచిందని చెప్పుకోను గానీ, నవ్వులు మాత్రం బాగా లేచాయి.

“ఎన్నాళ్ళకోసారి లేపుతారు?” అన్నాను ఆయాసపడుతూ.

“రెండేళ్ళకో చిల్లండి. నేల పెరుగుద్ది కదా,” అంది మసేనమ్మ.

నేల పెరగడమేమిటి? డెల్టాలో నేల కుంగుతుంది. ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యమే. ముసలావిడ చాదస్తం అనుకుని కొలతకర్ర తీసుకుని బయల్దేరాను.

బడి ముందు పాతాను. తర్వాత రేవు దగ్గర, చర్చి వెనక, పీతల చెరువు గట్టున. మొత్తం పదకొండు చోట్ల. పెద్దాయన లెక్క ప్రకారం ఈ ఊరు పోటు మట్టానికి జానెడు కింద ఉండాలి. నా కర్ర మాత్రం నడుం ఎత్తు పైన ఉందంటోంది. పదకొండు చోట్లా అదే మాట.

రేడియోలో ఫకీరుద్దీన్‌ని పిలిచాను. ఆఫీసులో పెద్దాయన పక్కన కూర్చునేది అతనే. నా కింద పదేళ్ళుగా పనిచేస్తున్నాడు.

“విమల మేడం, మడపాలెం మట్టం రాయి రోజూ కబురు పంపుతూనే ఉంది. పన్నెండేళ్ళలో జానెడు కుంగింది. మీ కర్ర చెడిపోయిందంటున్నాడు పెద్దాయన.”

“కర్ర కొత్తదేనని చెప్పు. పాతబడింది నేనే.”

“పోనీ ఒకసారి ఆ రాయి మీద పెట్టి చూడండి మేడం. మీరు పాతిన రాయే కదా.”

నేను పాతిన రాయే. పోయిన పుష్కరానికి ఈ ఊళ్ళో ఒక్క పూట ఆగి, బడి ముందు నా చేతులతో నిలబెట్టాను. లోపల కొలత యంత్రం పెట్టి, తేదీ చెక్కించి, తల జానెడు పైకి కనిపించేలా పాతించాను. ఇందాక బడి ముందు అంతా తిరిగాను. ఆ రాయి కనిపించలేదు.

నడక, 63వ రోజు. ద్వాదశి.

“మీ రాయాండీ? ఉంది. ఎక్కడికి పోద్ది?” అంది మసేనమ్మ, చేప చీరుతూ తల ఎత్తకుండా. “కిందుంది.”

నలుగురు పారలు తీసుకొచ్చారు. బడి మెట్లకి పది అడుగుల దూరంలో ఆవిడ కాలి బొటనవేలితో ఒక గుర్తు గీసి, ఇక్కడ తవ్వండ్రా అంది. తవ్వారు. మోకాలి లోతు వచ్చింది, రాయి లేదు. నడుం లోతు వచ్చింది, లేదు. నేను విసుక్కున్నాను. ఛాతీ లోతులో పార ఠంగుమంది.

దిగాను. నా ముసలి మోకాళ్ళని చూసి ఇద్దరు పట్టుకుని దింపారు. చేత్తో బురద తుడిస్తే నా తేదీ, మండలి ముద్ర, కిందగా నేను సరదాకి చెక్కించుకున్న నా పేరులోని మొదటి అక్షరం కనిపించాయి. రాయి తల మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాను. నేల నా గుండెల దగ్గర ఉంది.

గోతి గోడ నా ముఖానికి దగ్గరగా ఉంది. అందులో చారలున్నాయి. ఎర్ర చార, మీద సన్నటి నల్ల చార, మళ్ళీ ఎర్ర చార. పైనుంచి మసేనమ్మ ఒంగి వేలితో చూపించింది. “ఎర్రది వరద మట్టండి. నల్లది ఆ ఏడు రాలిన మడాకు. అదిగో, ఆ లావు చార మా పెద్దమ్మాయి పెళ్ళైన ఏడు. అబ్బో, ఆ ఏడు గోదారమ్మ ఎంత తెచ్చిందనీ.”

లెక్కపెట్టాను. పన్నెండు. నేను ఎక్కడో కొండ మీద ఆఫీసులో కూర్చుని ఈ ఊరు మునుగుతోందని రాస్తున్న ప్రతి ఏడాదికీ ఒకటి.

ఇంత వయసొచ్చాక నేల మీద ఇంత ఆశ్చర్యం మిగిలి ఉంటుందని అనుకోలేదు. నేను నిలబడ్డది పన్నెండేళ్ళ కిందటి మడపాలెం మీద. ఆనాటి రాయి చెప్పినట్టే జానెడు కుంగింది, అబద్ధమాడలేదు. దాని నెత్తి మీద కొత్త నేల పుట్టి పెరుగుతోంది. మేం నేలను కొలవలేదు. రాయిని కొలిచాం. ఆకాశంలో తిరిగే మా గద్ద యంత్రాలు నేల ఎత్తు పెరిగిందని కబురు పంపినా, రాయితో సరిపోకపోతే అది గద్ద తప్పని దిద్దుకోమని పెద్దాయనకి నేర్పించారు. ఎవరు నేర్పించారని అడిగితే ఏం చెప్పను? ఆ నియమం రాసింది నేనే.

పైకి లాగడానికి ముగ్గురు కావలసి వచ్చింది. రాయి బరువు కూడా నాతో పాటే వచ్చిందని ఎవరో అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది.

నడక, 64వ రోజు. త్రయోదశి.

ఈ మట్టి ఎలా వచ్చిందో మసేనమ్మ చెప్పింది. పీటేసుకుని, వెల్లుల్లి ఒలుస్తూ.

ఊరి చుట్టూ మండలి వేసిన మట్టిగట్టు ఉంది. ఆషాఢంలో గోదారికి ఎర్రనీరు దిగాక, వరద మీదెక్కి మామూలుకంటే నిలువెత్తు లేచే అమావాస్య పోటుకి వీళ్ళు ఆ గట్టుకి గండి కొడతారు. బురదనీరు ఊళ్ళోకి వస్తుంది. పోటు నిండగానే గండికి తడికలు బిగిస్తారు. నీరు కదలకుండా నిలబడితే మట్టి కిందికి దిగుతుంది. తేరిన నీటిని, సముద్రం వెనక్కి తీసే పాటుకి వదిలేస్తారు. సంవత్సరానికి రెండు మూడు సార్లు, అంతే.

“ఉప్పునీరు రాదా?”

“ఎర్రనీరున్నప్పుడు పోటు తోసేది సముద్రాన్ని కాదండీ, గోదారినే. నాలిక్కి తెలుస్తుద్ది. చప్పగా ఉంటేనే కొడతాం.”

“మాకెందుకు చెప్పలేదమ్మా?”

ఆవిడ చేతిలో వెల్లుల్లి ఆగింది. “రెండు అర్జీలు పెట్టామండి. మీ యంత్రం ‘అందినది’ అని రాసింది. మూడోసారి మా ఆయనే కాగితం పట్టుకుని మీ ఆఫీసుకొచ్చాడు. ఫిర్యాదొచ్చింది, గట్టు తెంచింది నువ్వేనా అన్నారంట. నేనే అన్నాడు ఎర్రిబాగులోడు. ఆర్నెల్లు జైల్లో ఉన్నాడు. వచ్చాక ఎన్నాళ్ళో బతకలేదు.”

క్షమించమన్నాను. అదొక మాటా? కానీ అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. ఆవిడ మళ్ళీ ఒలవడం మొదలెట్టింది.

తర్వాత ఫకీరుద్దీన్‌ని అడిగి పాత పట్టిక చదివించుకున్నాను. ‘గట్టు తెగినది. కారణం: గ్రామస్థుల నిర్లక్ష్యం.’ పన్నెండేళ్ళలో ముప్పై ఒక్కసారి. ప్రతిసారీ గీత లెక్కలో ఊరి మార్కులు తగ్గాయి. ప్రతిసారీ కింద నా సంతకం.

నడక, 65వ రోజు. చతుర్దశి.

పొద్దున్నే సంబరంగా చెప్పాను. “మసేనమ్మా, గీత మారుస్తున్నాను. మడపాలెం లోపలే.”

ఆవిడ ముఖం పాలిపోయింది. “లోపలంటే గోడ కడతారాండీ?”

“కడతారు. బలమైన కాంక్రీటు గోడ. వందేళ్ళ వరకూ చుక్క నీరు రాదు.”

“మరి మట్టో?”

బయట పెడితే మూడేళ్ళలో మంచినీళ్ళుండవు, డాక్టరుండడు, బడి ఉండదు. లోపల పెడితే గోడ వస్తుంది, మట్టి ఆగుతుంది, నేల కుంగడం మొదలవుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. నాలుగు వందల పన్నెండు గడపల్ని ఎందులోకి తోయాలన్నదే నాకు మిగిలిన ప్రశ్న.

వెనక ఊరు గట్టుపేటని చూస్తే తెలుస్తుంది. నలభై అయిదేళ్ళుగా గోడ లోపల ఉంది. మా మండలి చూపించుకునే ఊరు. అక్కడ ఇప్పుడు సముద్రం ఇళ్ళ చూరుల ఎత్తులో ఉంది. రేయింబవళ్ళు మోటార్లు తోడుతూనే ఉండాలి.

రోజంతా చట్టం తిరగేశాను. సాయంత్రానికి ఫకీరుద్దీన్ ఒక దారి పట్టుకున్నాడు. “మేడం, గీతలో ఖాళీ వదలొచ్చు. ఊరు లోపలిదే, సౌకర్యాలన్నీ ఉంటాయి, గోడ మాత్రం ఉండదు. కానీ ఆ ఖాళీలోంచి వచ్చే నీరు వెనక ఊరికి తగులుతుంది కాబట్టి, ఆ ఊరి పెద్ద నిండు సభలో ఒప్పుకోవాలి.”

“గట్టుపేట పెద్ద ఎవరు?”

“పితాని కనకరత్నంగారు.” రేడియోలో కాగితాలు తిప్పిన చప్పుడు. “మసేనమ్మ గారి భర్త మీద ఫిర్యాదు చేసింది ఆవిడే.”

నడక, 66వ రోజు. అమావాస్య.

ఈ రోజు చూసింది చూసినట్టు రాయగలనో లేదో.

తెల్లవారేసరికి గోదారి ఎర్రబడింది. ఊరంతా పారలతో గట్టు మీద ఉంది. మసేనమ్మ ఒక్కతే రేవులోకి దిగి, దోసిట నీళ్ళు తీసి నాలుక మీద వేసుకుంది. ఉమ్మేసింది. గంట తర్వాత మళ్ళీ చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు.

ఆ గంటలోనే గట్టుపేట పడవ వచ్చింది. కనకరత్నం దిగింది. నా వయసే ఉంటుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వెంట గోడ కాపలావాళ్ళని ఇద్దర్ని తెచ్చుకుంది.

“ఆఫీసరుగారు మీరే కదండీ? మీ కళ్ళ ముందే గండి కొడుతుంటే చూత్తా నిలబడ్డారేంటి? ఇయ్యాల ఈళ్ళ గట్టు పోతే రేపు మా గోడ మీద పడతాయి నీళ్ళు. మాకు ఆరొందల గడపలున్నాయి.”

ఆవిడ భయంలో అబద్ధం లేదు. అరవై ఏళ్ళ సముద్రం ఆ గొంతులో ఉంది. నేను వాదించలేదు. “ఒక్కసారి ఇటు రండి,” అని గోతి దగ్గరికి తీసుకెళ్ళాను. ఇది నేను పాతిన రాయి అన్నాను, ఏ ఏడు పాతానో చెప్పాను. ఆవిడ చెప్పులు విడిచి దిగింది. రాయి మీద నిలబడింది. అరచేయి గోడకి ఆనించి, చారల్ని ఒక్కొక్కటే తడిమింది. పైకి రమ్మంటే రాలేదు.

“చప్పనైంది,” అని అరిచింది రేవులోంచి మసేనమ్మ.

కనకరత్నాన్ని పైకి లాగాం. గట్టు మీద పారలు పడ్డాయి. ముందు నీరు పిల్లకాలువలా వచ్చింది. తర్వాత గట్టు తనంతట తానే నోరు తెరిచింది, చెవులు గింగురుమన్నాయి. ఎర్రటి నీరు మడ వేళ్ళ మధ్య నుంచి, ఇళ్ళ కింద నుంచి, బడి మెట్ల మీద నుంచి వచ్చింది. పీతల బొరియలన్నీ ఒక్కసారి బుడగలు వేశాయి. మా కళ్ళ ముందే గోతి నిండింది, రాయి మళ్ళీ కిందికి పోయింది. నాలుగు వందల ఇళ్ళ వాళ్ళూ మెట్ల మీదికి చేరి చూస్తున్నారు. పోటు నిండగానే తడికలు బిగించారు. నీరు ఆగింది.

అంత నీరు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. మసేనమ్మ ఒక గాజుగ్లాసులో ముంచి నా చేతికిచ్చింది. గ్లాసులో మట్టి దిగడం కనిపిస్తోంది. ఎక్కడో నాసిక్ కొండల్లో, బస్తరు అడవుల్లో కొట్టుకుపోయిన మట్టి, ఇంత దూరం నడిచొచ్చి, ఈ ఊళ్ళో కూర్చుంటోంది. నా కాళ్ళ కింద భూమి తయారవుతోంది. దండం పెట్టాలనిపించింది, పెట్టాను. ఎవరికి పెట్టానో తెలియదు.

మధ్యాహ్నం పాటుకి తేరిన నీరు వెళ్ళిపోయింది. ఊరంతా కొత్త మట్టి, మూడు వేళ్ళ మందాన, ఒక్క అడుగు జాడ లేకుండా మెరుస్తోంది. మర్నాటి దాకా దాని మీద ఎవరూ కాలు పెట్టరట. కనకరత్నం పడవకి వెళ్ళడానికి గట్టు మీదుగా చుట్టూ తిరిగి నడిచింది. గట్టు చివర మసేనమ్మ ఎదురైంది. ఇద్దరూ పలకరించుకోలేదు.

71వ రోజు. శ్రావణ శుద్ధ పంచమి. రాజమండ్రి.

సభలో నలభై రెండు ఊళ్ళ పెద్దలున్నారు. మసేనమ్మ వెనక వరసలో, గోడకి ఆనుకుని కూర్చుంది. ఫకీరుద్దీన్ తెర మీద గోతి బొమ్మ వేశాడు. నేను ముప్పై ఒక్క సంతకాల సంగతీ, రాయి నియమం సంగతీ దాచకుండా చెప్పాను. మడపాలెం దగ్గర గీతలో ఖాళీ వదలాలని అడిగాను.

అధ్యక్షులు రామభద్రంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “విమలగారూ, మీ మాట నమ్ముతున్నాను. కానీ చట్టం స్పష్టంగా ఉంది. వెనక ఊరు ఒప్పుకోకపోతే ఖాళీ కుదరదు. అప్పుడు గోడైనా పడాలి, బయటైనా పెట్టాలి. రెంట్లో ఒకటి ఈ రోజే తేలాలి. గట్టుపేట ఏమంటుంది?”

కనకరత్నం లేచింది. ఈ మనిషి కాదంటే నాలుగు వందల పన్నెండు గడపలు పోతాయి. పోగొట్టింది నేనే అవుతాను.

“మా నాన్న కట్టించాడండి ఆ గోడ,” అంది. “నేను పద్నాలుగేళ్ళ పిల్లప్పుడు తట్టలు మోశాను. అది ఉందన్న ధైర్యంతోనే బతికాం. రేత్తిరి మోటారు ఆగితే మాత్రం ఊరంతా లేచి కూర్చుంటాం.”

అధ్యక్షుల వైపు చూడటం మానేసి వెనక్కి తిరిగింది. వెనక వరసలో ఉన్న మనిషిని వెతుక్కుంది.

“అక్కా. మీ ఆయన విషయంలో తప్పు చేశాను. నన్నేమన్నా పడతాను. ఒక్కటి చెప్పు. ఆ మట్టి మా ఊరి దాకా వస్తదా?”

సభ అంతా వెనక్కి తిరిగింది. మసేనమ్మ చీర చెంగు ముడి విప్పి, మళ్ళీ వేసింది.

“గోడ తీస్తే వస్తది,” అంది. “కానీ మీది బాగా లోతమ్మా. ముందు ఇళ్ళన్నీ గొట్టాల మీదికెక్కించాలి. పోటు మట్టానికి రావాలంటే నలభై ఏళ్ళు పడతది.”

“నలభై ఏళ్ళు,” అంది కనకరత్నం. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత అధ్యక్షుల వైపు తిరిగింది.

“అయితే వచ్చే అమాసకే ఇళ్ళు లేపడం మొదలెట్టాలండీ. ఖాళీ ఒకటి కాదు, మాతో కలిపి రెండని రాయించండి.”